ఆరా తీయని తలనొప్పి

ఇంట్లో మగవారికి తలనొప్పి వస్తే ఇల్లంతా చప్పుడు చేయకుండా నడుస్తుంది. ఆడవారికి వస్తే "మళ్ళీనా?" అన్న ఒక్క మాటతో సరి. నేనెవరినీ నిందించడం లేదు, అలా అనేవాళ్ళలో మనమూ ఉన్నాం. శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసుకోవడం, కణతలకు అమృతాంజనం రాసుకోవడం, తలకు గుడ్డ బిగించి చీకటి గదిలో గోడవైపు తిరిగి పడుకోవడం, లేచి మళ్ళీ రాత్రి వంటకు బియ్యం కడగడం, ఇవన్నీ మీకు తెలియనివి కావు. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఆ నొప్పిని గురించి కాదు. ఆ నొప్పికి ముందు కొందరికి కనిపించే వెలుగును గురించి. ఆ వెలుగు కాగితం మీదికి ఎలా ఎక్కింది, ఎవరిది ఎక్కింది, ఎవరిది ఎక్కలేదు అన్నదే కథ.

మా అమ్మకు పార్శ్వపు నొప్పి ఉండేది. నెలకోసారి, ఒక్కొక్క నెల రెండుసార్లు. నొప్పి రాబోతున్నదని ఆవిడకు ముందే తెలిసేది. "కోటకొమ్మ అంచు మొదలైందే, నువ్వు కాస్త పొయ్యి మీద పప్పు చూసుకో" అనేది నాతో. గద్వాల చీరలకు అంచు మీద కోట బురుజుల మాదిరి పళ్ళు పళ్ళుగా వచ్చే నేత ఉంటుంది చూడండి, దాన్నే కోటకొమ్మ అంటారు. మొదట కంటి ముందు ఆవగింజంత చుక్క తళతళలాడుతుందట. అది పెరిగి పెరిగి కొడవలిలాగా వంగి, దాని అంచంతా కోటకొమ్మలాగా వంకర టింకరగా మెరుస్తూ, వణుకుతూ, పక్కకు జరుగుతూ పోతుందట. ఆ వంపు లోపల ఉన్నదేదీ కనిపించదు. ఎదురుగా మా తాతగారు కూర్చుని ఉంటే ఆయన ముఖంలో ఒక చెంప ఉంటుంది, రెండో చెంప ఉండదు. కళ్ళు మూసుకున్నా ఆ అంచు పోదు. పావుగంటో ఇరవై నిమిషాలో అయ్యాక అది చూపు చివరికి వెళ్ళి మాయమయ్యేది. అప్పుడు మొదలయ్యేది ఎడమ కణతలో నొప్పి.

అమ్మ ఈ సంగతి నాకు చెప్పింది, అమ్మమ్మకు చెప్పింది. డాక్టరుకు చెప్పలేదు. ఆయన అడగలేదు. ఆయన చీటీ మీద రాసింది "తలనొప్పి" అని ఒక్క ముక్క. ఆ చీటీ కూడా ఏనాడో పోయింది.

ముప్పయ్యో ఏట నాకూ కోటకొమ్మ అంచు కనిపించింది. ఆస్తిపాస్తులు రాకపోయినా అమ్మ నుంచి అది వచ్చింది. నేనూ ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి అదేమన్నా జబ్బా అనుకున్నాను.

మొన్న సంక్రాంతికి మా చెల్లెలి కూతురు వచ్చింది. ఆ పిల్ల హైదరాబాదులో మెడికల్ కోడింగ్ ఉద్యోగం చేస్తుంది. మన పిల్లలు ఈ పనిలో వేలమంది ఉన్నారు గాని, ఇంట్లో పెద్దవాళ్ళలో సగంమందికి అదేమిటో తెలియదు. అమెరికాలో ఎక్కడో ఒక డాక్టరు రోగిని చూసి, ఏమి విన్నాడో, ఏమి కనిపెట్టాడో, ఏమి మందు ఇచ్చాడో రాస్తాడు. ఆ రాత కంప్యూటర్లో ఇక్కడికి వస్తుంది. మన పిల్లలు దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివి, ఆ జబ్బుకు అంతర్జాతీయ పట్టికలో ఉన్న నంబరును దానికి తగిలిస్తారు. ఆ నంబరు చూసి బీమా కంపెనీ డబ్బు చెల్లిస్తుంది. ఆ నంబర్లు కూడగట్టే ప్రభుత్వాలు జబ్బుల లెక్కలు వేస్తాయి.

"ఈ మైగ్రేన్ కాగితాలంటే ప్రాణం విసుగు పెద్దమ్మా" అంది పిల్ల. "రోగి లైట్లు కనిపించాయంటుంది, డాక్టరు ఆ మాట రాస్తాడు, కింద జబ్బు పేరు దగ్గర మాత్రం ఒట్టి మైగ్రేన్ అని రాసి ఊరుకుంటాడు. 'విత్ ఆరా' అని ఆయన రాయకపోతే నేను ఆ కోడ్ వెయ్యకూడదు. నాకు అర్థమైనా సరే, వెయ్యకూడదు. జి 43.1 కావలసింది జి 43.9 అయిపోతుంది."

"వెయ్యకపోతే ఏమవుతుందే?" అన్నాను.

"అది కోడర్ల పని కాదు, డాక్టర్లనడుగు" అని నవ్వేసింది గాని, తరవాత అడిగింది. "నీకు కనిపించే ఆ అంచు ఎవరన్నా రాశారా పెద్దమ్మా?"

ఎవరూ రాయలేదు. ఆ రాత్రి నుంచి నాకు ఈ పిచ్చి పట్టుకుంది. పాత పుస్తకాలూ కొత్త పుస్తకాలూ ముందేసుకుని, ఈ వెలుగును మొదట రాసినవారెవరు, దానికి ఆ పేరు పెట్టినవారెవరు అని ఆరా తీశాను. చూశారా, మన భాషలో ఆరా అంటే కూపీ. వాళ్ళ ఆరా వేరు. గ్రీకు భాషలో ఆ మాటకు పిల్లగాలి అని అర్థం. రెండో శతాబ్దపు వైద్యుడు గాలెన్ మూర్ఛరోగుల గురించి రాస్తూ, మూర్ఛ వచ్చే ముందు ఒంట్లో చల్లని గాలి పైకి పాకినట్టుంటుందని ఒక కుర్రవాడు చెప్పిన మాట రాసుకున్నాడు. రోగి చెప్పిన మాటే జబ్బు పేరులోకి వచ్చింది. నాకు అది చాలా నచ్చింది. మైగ్రేన్ అనే మాట కూడా గాలెన్ వాడిన హెమిక్రానియా, అంటే సగం తల, అన్నదానిలోంచి ఫ్రెంచి నోట నలిగి వచ్చినదే. మన సుశ్రుతుడు ఉత్తర తంత్రంలో పదకొండు శిరోరోగాలు చెబుతూ అర్ధావభేదకమని దీన్ని లెక్కించాడు. సగం తల చీల్చినట్టుంటుందనీ, పక్షానికో పది రోజులకో, ఒక్కొక్కప్పుడు ఉన్నట్టుండీ వస్తుందనీ అన్నాడు. పార్శ్వపు నొప్పి అని మన అమ్మమ్మలు అన్నదీ ఆ అర్థంలోనే. ఇన్ని దేశాలవాళ్ళు సగం తల అన్న ఒక్క గుర్తునే పట్టుకున్నారంటే, చెప్పినవాళ్ళు రోగులే గనక.

పన్నెండో శతాబ్దంలో జర్మనీలో హిల్డెగార్డ్ అనే సన్యాసిని తనకు కలిగిన దివ్యదర్శనాలను గ్రంథంగా రాయించింది. అందులోని బొమ్మల్లో రాలే నక్షత్రాలూ, కోటగోడల వంటి గీతలూ చూసి, 1917లో చార్లెస్ సింగర్ అనే చరిత్రకారుడు ఇవి మైగ్రేన్ వెలుగులేనన్నాడు. అప్పటినుంచి ప్రతి పుస్తకంలోనూ ఆవిడ బొమ్మ వేస్తున్నారు. ఈమధ్య కొందరు చరిత్రకారులు అంత తొందరపడి తేల్చవద్దంటున్నారు. నా మటుకు నాకూ అదే న్యాయమనిపిస్తుంది. ఆవిడ తనకు దైవదర్శనం అయిందని చెప్పింది. ఎనిమిది వందల ఏళ్ళ తరవాత మనం వెళ్ళి "కాదమ్మా, నీకు తలనొప్పి" అనడం ఏమంత మర్యాద?

పదిహేడో శతాబ్దపు ఆన్ కాన్వే సంగతి వేరు. ఆవిడ ఇంగ్లండులో గొప్పింటి కోడలు, తత్త్వశాస్త్రంలో పండితురాలు. పన్నెండో ఏట జ్వరం వచ్చిన నాటినుంచి జీవితమంతా భయంకరమైన తలనొప్పితో బాధపడింది. రక్త ప్రసరణ కనిపెట్టిన విలియం హార్వే వైద్యం చేశాడు, తగ్గలేదు. పుర్రెకు రంధ్రం చేయించుకుందామని ఫ్రాన్సు దాకా వెళ్ళింది. థామస్ విల్లిస్ అనే మహావైద్యుడు 1672లో అచ్చయిన తన గ్రంథంలో, ఇరవై ఏళ్ళకు పైగా తలనొప్పి పడుతున్న ఒక గొప్ప వంశపు స్త్రీ అని ఆవిడ కేసు వివరంగా రాశాడు. పేరు రాయలేదు. అది వైద్యధర్మం అనుకుందాం. కాని ఆవిడ నొప్పుల మధ్యే రాసుకున్న తత్త్వగ్రంథం, పోయాక 1690లో అచ్చయితే, దాని మీద కూడా ఆవిడ పేరు లేదు!

ఇక వెలుగు విషయానికి వస్తాను. దాన్ని కాగితం మీద సరిగ్గా పట్టుకున్నవాళ్ళు పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండువాళ్ళు. విచిత్రమేమిటంటే వాళ్ళలో ముందున్నవారు వైద్యులు కారు, నక్షత్రాలు చూసేవాళ్ళు. జాన్ హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త 1858లో ఇచ్చిన ఉపన్యాసంలో తన కళ్ళ ముందు కదిలే కోటల వంటి ఆకారాల గురించి చెప్పాడు. ప్రభుత్వ ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ ఎయిరీ 1865లో తన అనుభవాన్ని బొమ్మలతో సహా అచ్చువేయించాడు. దూరాన ఉన్న చుక్కను కొలవడం అలవాటైన మనిషి తన కంటి ముందు చుక్కనూ కొలుచుకున్నాడు. ఆయన కొడుకు హ్యూబర్ట్ ఎయిరీ వైద్యుడు. ఆ అబ్బాయికీ అదే వెలుగు. తండ్రినుంచి కొడుక్కి, మా అమ్మనుంచి నాకు వచ్చినట్టే.

1870లో హ్యూబర్ట్ ఎయిరీ రాయల్ సొసైటీ వారి పత్రికలో ఒక వ్యాసం ప్రచురించాడు. దానితో పాటు వేసిన బొమ్మలు చూసి నేను కాసేపు మాట్లాడలేకపోయాను. చూపు నడుమన చిన్న చుక్క. అది పెరిగి ఒకవైపు తెరుచుకున్న వంపు. వంపు అంచున వంకర టింకర గీతలు, లోపల ఏమీ కనిపించని చోటు. బొమ్మ తరవాత బొమ్మగా అది ఎలా విప్పారిందో, రంగులతో సహా గీశాడు. కోట చుట్టూ కట్టే గోడలాగా ఉన్నదని దానికి టైకాప్సియా అని పేరు పెట్టాడు. గ్రీకులో కోటగోడ చూపు అని అర్థం. కోటకొమ్మ అంచు! గద్వాల చీర చూసిన మా అమ్మా, యూరపు కోటల పటాలు చూసిన ఆ ఇంగ్లీషు డాక్టరూ ఒక్క మాటే అన్నారు. ఆయన మాట రాయల్ సొసైటీ పత్రికలో ఉంది. అమ్మ మాట వంటింట్లో ఉండిపోయింది.

ఆ 1870 లోనే ఇంకొకటి జరిగింది. ఎలిజబెత్ గారెట్ అనే ఇంగ్లీషు వనిత పారిస్ విశ్వవిద్యాలయంలో వైద్య పట్టా తీసుకుంది. తన దేశంలో ఏ విశ్వవిద్యాలయమూ ఆడదాన్ని వైద్య పట్టాకు చేర్చుకోదు. అంతకు ముందు 1865లో ఆవిడ మందులవాళ్ళ సంఘం నియమాల్లో ఆడవాళ్ళు వద్దన్న మాట లేకపోవడం చూసి, పరీక్ష రాసి వైద్యానికి అనుమతి తెచ్చుకుంది. వెంటనే ఆ సంఘంవారు నియమం మార్చి తలుపు వేసుకున్నారు. పెళ్ళయ్యాక ఎలిజబెత్ గారెట్ ఆండర్సన్‌గా చరిత్రకెక్కిన ఆవిడ, పారిస్‌లో పట్టాకోసం రాసిన సిద్ధాంత వ్యాసం దేనిమీదో తెలుసా? మైగ్రేన్ మీద. ఆడవారికి ఎక్కువగా వచ్చే, ఆడవారి గొణుగుడు కింద కొట్టివేసే జబ్బును ఆవిడ ఏరుకుంది. ఆవిడ మనసులో ఏముందో నేను ఊహించి చెప్పను గాని, ఆ సంగతి చదివినప్పుడు నాకు సంతోషం వేసింది.

మూడేళ్ళకు, 1873లో, ఎడ్వర్డ్ లివీంగ్ అనే వైద్యుడు ఈ జబ్బు మీద పెద్ద గ్రంథమే రాసి, ఇది నరాలలో లేచే తుఫాను అన్నాడు. అంతవరకూ రక్తనాళాల మీదా, కడుపు మీదా, పైత్యం మీదా తోసేసినదాన్ని మెదడు దగ్గరికి తీసుకువచ్చాడు. కాని తుఫాను ఎటునుంచి ఎటు పోతుందో చెప్పడానికి మరో డెబ్బై ఏళ్ళు పట్టింది. 1941లో కార్ల్ లాష్లీ అనే అమెరికన్ శాస్త్రవేత్త తన కంటి వెలుగు నిమిషనిమిషానికీ ఎంత జరిగిందో గీసుకుని, మెదడు వెనక భాగంలో చూపు పటంతో సరిచూసి లెక్కకట్టాడు. ఆ అల మెదడు మీద నిమిషానికి మూడు మిల్లీమీటర్ల చొప్పున పాకుతుందని తేల్చాడు. మూడేళ్ళ తరవాత లియావ్ అనే బ్రెజిల్ యువకుడు, హార్వర్డులో మూర్ఛను గురించి పరిశోధిస్తూ, కుందేలు మెదడును తాకితే విద్యుత్తు అణిగిపోయే అల ఒకటి సరిగ్గా అంత నెమ్మదిగానే పాకడం చూశాడు. ఒకరు తన కంటి ముందు చూసినది, ఇంకొకరు కుందేలులో చూసినది. రెండూ ఒకటే కావచ్చునని తోచడానికి కొంతకాలం, మనిషి మెదడులో చూసి సరిపోల్చడానికి ఇంకా చాలాకాలం పట్టింది. 2001లో నుషీన్ హాజీఖానీ అనే ఆవిడా సహచరులూ, వెలుగు కనిపిస్తున్న మనిషిని స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి, ఆ అల చూపు భాగం మీద పాకడం పటంగా తీశారు. అంటే ఆ వెలుగు కంట్లో లేదు, కల్పనలో లేదు, మెదడులో ఉంది. కళ్ళు మూసుకున్నా కోటకొమ్మ ఎందుకు పోయేది కాదో నాకు అప్పుడు తెలిసింది.

ఇదంతా శాస్త్రవేత్తల కథ. నంబర్ల కథ ఇంకోవైపునుంచి నడిచింది, అది మొదలైంది చావుల దగ్గర. 1837లో ఇంగ్లండులో జనన మరణాలు ప్రభుత్వం నమోదు చేయడం మొదలుపెట్టాక, విలియం ఫార్ అనే లెక్కల వైద్యుడు తల పట్టుకున్నాడు. ఒక ఊరి డాక్టరు ఒక పేరు రాస్తాడు, ఇంకో ఊరి డాక్టరు అదే రోగానికి ఇంకో పేరు. తూనికలూ కొలతలూ అందరికీ ఒకటిగా ఉండాలన్నట్టే రోగాల పేర్లూ ఉండాలని ఆయన వాదించాడు. 1893లో చికాగోలో జరిగిన సభలో జాక్ బెర్టిలాన్ అనే ఫ్రెంచి గణాంకవేత్త మరణ కారణాల పట్టిక ప్రవేశపెట్టాడు. దేశం తాహతును బట్టి 44, 99, 161 పేర్లతో మూడు రకాలుగా వాడుకోవచ్చు. దాని సంతతే ఇవాళ్టి అంతర్జాతీయ పట్టిక. (అదే 1893లో మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. చికాగోలో చావుల పేర్లకు సభ జరుగుతుంటే, ఇక్కడ చావని తలనొప్పులకు సీసా తయారవుతున్నది. నాకైతే పంతులుగారి పనే ఎక్కువ ఉపయోగమనిపిస్తుంది.)

చావుల పట్టికలో తలనొప్పికి చోటేముంటుంది? మైగ్రేన్‌తో ఎవరూ చచ్చిపోరు. పొయ్యి దగ్గర నిలబడలేరు, పిల్లవాడు ఏడిస్తే ఎత్తుకోలేరు, అంతే. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతికి వచ్చిన ఆరో సవరణలో గాని, చంపని జబ్బులనూ ఆ పట్టికలో పూర్తిగా చేర్చుకోలేదు. చేర్చుకున్నా, జబ్బుల భారం కొలిచేటప్పుడు దీన్ని మరిచిపోయారు. 1990 సంవత్సరానికి ప్రపంచమంతా జబ్బుల భారం ఎంతో పెద్ద లెక్క వేశారు, అందులో మైగ్రేన్ లేనేలేదు. 2000 నాటి లెక్కలో మొదటిసారి చేరిస్తే, మనిషిని పనికి కాకుండా చేసేవాటిలో పందొమ్మిదోదిగా తేలింది. 2016 లెక్కకు రెండోదయింది. జబ్బు పెరగలేదు తల్లీ, లెక్కపెట్టేవాళ్ళ కళ్ళు తెరుచుకున్నాయి.

మరి వెలుగు ఉన్నదానికీ లేనిదానికీ పట్టికలో తేడా ఎప్పుడొచ్చింది? 1975లో జరిగిన తొమ్మిదో సవరణలో 346 మైగ్రేన్. 346.0 క్లాసికల్, 346.1 కామన్. వెలుగు కనిపిస్తే క్లాసికల్, లేకపోతే కామన్. ఈ పేర్లు పెట్టినవారికి దండం పెట్టాలి! క్లాసికల్ అంటే సంగీతమా, నాట్యమా? ఆ మాట విని ఏ డాక్టరుకు గుర్తొస్తుంది, రోగిని వెలుగు కనిపించిందా అని అడగాలని? 1988లో అంతర్జాతీయ తలనొప్పి సంఘంవారు, డెన్మార్కు వైద్యుడు యెస్ ఓలేసన్ అధ్యక్షతన, తలనొప్పులన్నిటికీ నియమాలు రాసి ఆ పేర్లు తీసిపారేశారు. ఆరాతో మైగ్రేన్, ఆరా లేని మైగ్రేన్ అన్నారు. 1990లో ఆమోదం పొందిన పదో సవరణలో అవే జి 43.1, జి 43.0 అయ్యాయి. ఇప్పుడు పదకొండోది కూడా వచ్చింది, 2022 జనవరి నుంచి అమలు. అందులో దీని గుర్తు 8ఎ80.1. కాని మా పిల్లలాంటివాళ్ళు అమెరికా కాగితాలకు వాడేది ఇంకా పదో సవరణనే, 2015 అక్టోబరు నుంచి ఆ దేశం తన అవసరాలకు సాగదీసుకున్న రూపంలో. మందులకు లొంగిందా లేదా, మూడు రోజులు దాటి వదలకుండా ఉందా లేదా అన్నవి కూడా అందులో అంకెలే. అందుకని డాక్టరు ఒక్క మాట తక్కువ రాస్తే అంకె అటుది ఇటవుతుంది.

ఆరా అనడానికి నియమాలేమిటో చూడండి. వెలుగో, చీకటి మచ్చో, చేతినుంచి నోటిదాకా పాకే తిమ్మిరో, మాట తడబడటమో ఉండాలి. తరవాత పూర్తిగా పోవాలి. కనీసం రెండుసార్లు వచ్చి ఉండాలి. నెమ్మదిగా, అయిదు నిమిషాలకు తక్కువ కాకుండా పాకిందా, ఒక్కొక్కటీ అయిదు నిమిషాలనుంచి గంటలోపు ఉందా, ఒక పక్కనే ఉందా, దాని వెంట గాని గంటలోపు గాని నొప్పి వచ్చిందా, ఇలాంటి ఆరు గుర్తుల్లో మూడైనా ఉండాలి. ఆశ్చర్యమేమిటంటే వీటిలో ఏ ఒక్కటీ రక్తపరీక్షలో తెలియదు. డాక్టరు చూసేసరికి అంచు మాయమై ఉంటుంది. ఆ మనిషి చెప్పాలి, ఆయన వినాలి, విన్నది రాయాలి. నూటయాభై ఏళ్ళ కిందట హ్యూబర్ట్ ఎయిరీ తానే రోగి, తానే వైద్యుడు, తానే లేఖకుడు అయ్యాడు గనక సరిపోయింది.

రాస్తే ఏమిటి, రాయకపోతే ఏమిటి అన్న నా మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడుంది, ఇది కాస్త శ్రద్ధగా వినండి. ఆరాతో మైగ్రేన్ ఉన్నవారికి, మెదడు రక్తనాళం పూడుకుపోయి వచ్చే పక్షవాతం ముప్పు, లేనివారికంటే సుమారు రెండింతలని పరిశోధనలు చెబుతున్నాయి. చిన్న వయసు ఆడవారిలో ఆ ముప్పు మొదటే చాలా తక్కువ గనక రెండింతలైనా తక్కువే, ఇవాళ రాత్రి నిద్ర మానుకోనక్కర్లేదు. కాని పిల్లలు పుట్టకుండా వాడే మాత్రల్లో ఈస్ట్రోజెన్ ఉన్నవి రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతాయి. పొగ తాగడం మరీ పెంచుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థవారి సూచికలో ఆరాతో మైగ్రేన్ ఉన్న స్త్రీకి, ఏ వయసైనా సరే, ఈస్ట్రోజెన్ కలిసిన మాత్రలు నాలుగో వర్గం, అంటే వాడనే కూడదు. ఆరా లేకుండా ఒట్టి మైగ్రేన్ అయి, ముప్పయ్యయిదు లోపు వయసుంటే, అవే మాత్రలు మొదలుపెట్టడానికి రెండో వర్గం, సాధారణంగా వాడవచ్చు. రెంటికీ మధ్య తేడా ఒక్క మాట. కాపర్-టీకి ఈ బెడద లేదు, అది రెండు రకాలవారికీ మొదటి వర్గమే.

మన మాలా-డి, మాలా-ఎన్ ఈస్ట్రోజెన్ కలిసిన మాత్రలే. నా రెండో కాన్పు తరవాత 1980లలో నాకు అలాంటి మాత్రలే రాసిచ్చారు. రాసిచ్చిన డాక్టరమ్మ మంచిది, రక్తపోటు చూసింది, బరువు చూసింది. తలనొప్పి ఉందా అని కూడా అడిగింది. ఉందన్నాను. "అందరికీ ఉండేదేలే" అన్నది. చీటీ మీద అదీ రాయలేదు. నేనూ కోటకొమ్మ అంచు సంగతి చెప్పలేదు. చీరలూ అంచులూ డాక్టరు దగ్గర మాట్లాడే విషయాలా అని సిగ్గుపడ్డాను. నాలుగేళ్ళు మింగాను ఆ మాత్రలు. నాకేమీ కాలేదు. కాలేదన్న ధైర్యం నాకు ఇప్పుడు ఉంది గాని, మా అమ్మాయికీ మా చెల్లెలి కూతురికీ ఆ వెలుగు వచ్చి ఉంటే ఏమిటి అన్న ఆలోచన వచ్చినప్పుడు మాత్రం గుండె జల్లుమంది. అడిగాను. మా అమ్మాయికి ఉందట! పన్నెండేళ్ళనుంచి ఉందట. నాతో ఎన్నడూ అనలేదు. "అందరికీ ఉంటుందనుకున్నానమ్మా" అన్నది.

మీలో ఎవరికన్నా ఇలాంటిది ఉంటే డాక్టరుకు ఏమి చెప్పాలో మా కోడింగు పిల్ల ఒక కాగితం మీద రాసిచ్చింది, అది చదువుతాను. కనిపించినది ఏమిటి, వెలుగా మచ్చా తిమ్మిరా? ఒక్క పక్కనా రెండు పక్కలా? ఒక్కసారిగా వచ్చిందా, పాకుతూ వచ్చిందా? ఎన్ని నిమిషాలు, గడియారం చూసి చెప్పండి. నొప్పి దాని తరవాత ఎంతసేపటికి? ఇంతవరకూ ఎన్నిసార్లు? నొప్పి రాకుండా వెలుగు మాత్రమే వచ్చి పోయినా చెప్పండి, దానికీ జి 43.1 లోనే చోటుంది. చెప్పిన తరవాత చీటీ మీద ఆరా అన్న మాట పడిందో లేదో చూసుకోండి. ఇది నేను చేర్చేది: నలభై దాటాక మొదటిసారి వచ్చినా, చెయ్యీ కాలూ ఒక్కసారిగా స్వాధీనం తప్పినా, చూపు పాకుతూ కాక తటాలున పోయినా, ఈ కాగితాలన్నీ పక్కన పెట్టి తక్షణం ఆస్పత్రికి వెళ్ళండి.

పోయిన నెల మా అమ్మాయిని వెంటబెట్టుకుని నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. నేను కూడా చూపించుకున్నాను, ఈ వయసులో ఎందుకని మావారు నవ్వినా. కుర్ర డాక్టరు, ఓపికగా విన్నాడు. కోటకొమ్మ అంటే ఆయనకు తెలియలేదు. అక్కడే ఉన్న కాగితం తీసుకుని గీశాను. నడుమ చుక్క, దాని పక్క కొడవలి, కొడవలి అంచున పళ్ళు, లోపల ఖాళీ. ముగ్గులు వేసిన చెయ్యి గనక బాగానే వచ్చింది. ఆయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నా దగ్గర ఉంచుకోవచ్చా అమ్మా?" అని అడిగి ఫైలులో పెట్టాడు. పైన జబ్బు పేరు దగ్గర రాశాడు.

బయటికి వచ్చాక ఆ చీటీ ఫోటో తీసి హైదరాబాదు పంపించాం. పది నిమిషాల్లో జవాబొచ్చింది. "పెద్దమ్మా, మన లెక్కలో నువ్వు జి 43.1. అమెరికాలో అయితే జి 43.109. అమ్మమ్మది కూడా ఇదే అయ్యుండేది."